ఇరుసుకు పెట్టిన ఎర్తు

పొద్దున్నే షెడ్డు రేకు తలుపు పైకి లేపగానే కమానక్క చేసే మొదటి పని లైటు వేయడం కాదు, చీపురు పట్టడమూ కాదు. ముందురోజు తోమి గోడకు చేర్చి పెట్టిన ఉక్కు పట్టీల ముందు గొంతుక్కూర్చుని, కుడి బొటనవేలి గోరును ఒక్కో పట్టీ మీద ఆనించి ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిపిస్తుంది. అంతసేపూ కళ్ళు మూసుకుంటుంది. గోరు జారుతూ పోతే పట్టీ మంచిదే. ఎక్కడైనా వెంట్రుకవాసి తట్టిందా, ఆ పట్టీ ఇక బండి ఎక్కదు. సుద్దతో అడ్డంగా ఒక గీత కొట్టి పాత ఇనుము పోగులోకి విసిరేస్తుంది. ఈ పని కోసమే ఆ ఒక్క వేలికీ గోరు పెంచింది.

"ఆ గోరు మీద పెట్టే శ్రద్ధలో సగం నా మీద పెట్టుంటే ఈపాటికి నేను నిగనిగలాడుతూ ఉండేవాణ్ణి," అంటాడు మొగుడు. ఆయన ముప్పై ఏళ్ళు బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. అలవాటు పోక ఇంట్లో కూడా నిలబడే మాట్లాడతాడు.

పాత కార్లకూ లారీలకూ బస్సులకూ చక్రాల ఇరుసుకూ పైనున్న చట్రానికీ, అంటే చాసీకీ నడుమ, విల్లులా వంగిన ఉక్కు పట్టీల కట్ట ఒకటి ఉంటుంది. దాన్నే కమాను అంటారు. గుంతల దెబ్బంతా కాసేది అదే. ఏళ్ళు గడిచేకొద్దీ దాని వంపు చచ్చి బండి చతికిలపడుతుంది, పట్టీలు ఒకదాన్నొకటి కొరుక్కుని గాట్లు పడతాయి. ఆ కట్ట విప్పి, చెడిన పట్టీ మార్చి, మిగతావాటికి సుత్తి దెబ్బలతో మళ్ళీ వంపు ఎక్కించి బిగించడం కమానక్క పని. ఆమె తండ్రి పనీ అదే. పదో తరగతి తప్పిన వేసవిలో ఊరికే కూర్చోలేక సుత్తి పట్టుకుంది, మళ్ళీ కింద పెట్టలేదు. మొదట్లో ఆ వీధి మెకానిక్కులు ఆడమనిషి చేసిన కమానా అని నవ్వారు. తరవాత్తరవాత కమాను పని అంటే "అక్క దగ్గరికి పంపు" అనడం మొదలుపెట్టారు. ఆ అక్కకు కమాను తగిలించి కమానక్క చేసింది వీధే.

ఆమె తమ్ముడు వెల్డరు. వీధిలో అతన్ని మెరుపు అంటారు. తండ్రి బతికున్నప్పుడే అదే షెడ్డులో మూల కాస్త చోటు అడిగాడు. తండ్రి మూడు రోజులు ఉలకలేదు, పలకలేదు. నాలుగో రోజు సున్నం కలిపి, షెడ్డు నేల మీద ఈ గోడ నుంచి ఆ గోడ దాకా అడ్డంగా గీత గీశాడు.

"ఇటు కమాన్లు, అటు కరెంటు. నీ నిప్పురవ్వ ఒక్కటి గీత దాటిందా, నువ్వు వీధిలో పని చేసుకుంటావు."

దానికో కారణం ఉంది. కమాను పట్టీకి కాల్చి చల్లార్చి పదును పెట్టి ఉంటుంది, అందుకే వంగి మళ్ళీ లేస్తుంది. వెల్డింగు నిప్పు దాని మీద నువ్వుగింజంత చోట పడినా చాలు, అక్కడ ఉక్కు గాజులా పెళుసెక్కుతుంది. పైకి ఏమీ కనిపించదు. ఆ రోజు విరగదు కూడా. వారానికో ఏడాదికో, మనుషులు ఎక్కి కూర్చున్నాక, ఏ వంతెన మీదో ఏ మలుపులోనో విరుగుతుంది. "ఎప్పుడు విరుగుతుందో తెలిస్తే అది కమానే కాదు," అనేవాడు తండ్రి.

తండ్రి పోయాక కమానక్క ప్రతినెలా ఒకటో తేదీన ఆ గీత మళ్ళీ గీస్తూ వచ్చింది. మెరుపు దాన్ని సరిహద్దు అనేవాడు. స్పానరు కోసం ఇటు రావాలంటే గీత దగ్గర ఆగి, "అక్కా, వీసా ఉందా?" అని అడిగేవాడు. ఆమె నవ్వేది కాదు. ఒకసారి గేటుకు వెల్డింగు పెడుతూ అతను ఏమరుపాటుగా ఒక రవ్వ ఇటు రాల్చాడు. అది ఏ పట్టీ మీద పడిందో తేలక, ఆ వరస మొత్తం పాత ఇనుములో వేసి రెండు నెలలు తమ్ముడితో మాట్లాడలేదు. తమ్ముడంటే ఆమెకు ప్రాణమే. అతని చేతి మీద మాత్రం నమ్మకం లేదు.

ఆ ఏడాది ఎండలు ముదిరే వేళకు పళ్ళ డాక్టరు కారు వచ్చింది. నల్లటి కారు, గుండ్రటి దీపాలు. డాక్టరు తండ్రి కొన్నది. వెనక ఎడమపక్క నేలకు జారి, కాలు బెణికిన మనిషిలా ఒరిగి నిలబడింది. డాక్టరు మెత్తగా మాట్లాడతాడు కానీ ఎదుటివాళ్ళ జవాబు కోసం ఆగడు. రోజంతా తన ముందు జనం నోళ్ళు తెరుచుకుని ఉండేవాళ్ళే కాబట్టి ఎదురుమాట వినే అలవాటు ఆయనకు లేదని మెరుపు సిద్ధాంతం.

కారు వెంట ఆయన తల్లి కూడా వచ్చింది. ఎనభై నాలుగేళ్ళ మనిషి. ప్లాస్టిక్ కుర్చీ తెప్పించుకుని కారు పక్కనే కూర్చుంది.

"ఏమ్మాయ్, నీకూ నడుం నొప్పేనా?" అంది, కారు కింద నుంచి బయటికి పాకిన కమానక్కను చూసి.

"మీ కారుకన్నా నయమేనండీ, పెద్దమ్మగారూ."

"దీన్ని ఏమీ అనకు. మా ఆయన నాకు స్టీరింగు నేర్పింది ఇందులోనే. మా వీధిలో లైసెన్సు తెచ్చుకున్న మొదటి ఆడదాన్ని నేను. కూరలకి కూడా కారేసుకునే వెళ్ళేదాన్ని, నలుగురూ కుళ్ళుకోవాలని."

"అమ్మా, ఇప్పుడవన్నీ ఎందుకు?" అన్నాడు డాక్టరు.

"ఎందుకంటే ఇంకో పది రోజుల్లో కొండ మీదికి వెళ్తున్నాం కాబట్టి. ఏడో మలుపు దాటాక రెండు మైళ్ళు తిన్నటి రోడ్డు ఉంటుందమ్మాయ్. అక్కడ వీడు నాకు స్టీరింగు ఇస్తానని ఒప్పుకున్నాడు. ఒక్కసారి. ఇక చాలు."

డాక్టరు నీళ్ళు నమిలాడు. "చాలా మెల్లగా. నేను పక్కనే ఉంటా," అన్నాడు, కమానక్క ఏదో అడిగినట్టు.

కమానక్క మళ్ళీ కారు కిందికి దూరింది. కానీ ఆ మాటతో ఆ కారు ఆమెకు మిగతా బండ్లలా లేకుండా పోయింది. కమాను బరువు కాయడమే కాదు, ఇరుసును తన చోట పట్టి ఉంచేది కూడా అదే. కట్టలో అన్నిటికన్నా పైన, పొడుగ్గా ఉండే మెయిన్ పట్టీ ముందు కొసన విరిగితే ఇరుసు ఒకపక్క వెనక్కి జారిపోతుంది. అప్పుడు స్టీరింగు ఎవరి చేతిలో ఉన్నా, కారు తన ఇష్టానికి తిరుగుతుంది.

అయిదు రోజులు ఆ కారు తప్ప ఇంకో పని ముట్టుకోలేదు. తుప్పు పట్టి బిగుసుకుపోయిన బోల్టులను కోసి తీసింది. రెండు కట్టలు, కట్టకు ఏడేసి పట్టీలు. ఎడమ కట్టలో మూడో పట్టీ ఎప్పుడో విరిగి ఉంది, కొత్తది చేసి వేసింది. నేల మీద సుద్దతో వంపు గీసుకుని, ఒక్కో పట్టీని రెండు దిమ్మల మీద పెట్టి సుత్తితో కొడుతూ, గీత మీద పెట్టి చూస్తూ, మళ్ళీ కొడుతూ సరిచేసింది. రంగు వేసి, నడుమ నల్ల గ్రీజు రాసి పేర్చింది. పట్టీలు చెదరకుండా కట్టను చుట్టి పట్టుకునే ఇనుప ఉంగరాలు కొత్తవి చేసి, రంగు కూడా పూయకుండా బిగుతుగా దిగగొట్టింది. కొసల కన్నాల్లో బోల్టు చుట్టూ ఉండే గొట్టాలకు, బుష్షులకు, ఇత్తడివి వేసింది. కట్టలు కారుకు ఎక్కించి జాకీ దించితే, ఆ ముసలి కారు ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నట్టు పైకి లేచి, నాలుగు కాళ్ళ మీదా సమంగా నిలబడింది.

అప్పుడు కనిపించింది. ఎడమ కమాను వెనక కొసను చాసీకి వేలాడదీసే బ్రాకెట్టు మొదట్లో, మడ్డి రాలిపోయిన చోట, తుప్పు తిన్న చీలిక.

"వెల్డింగు పెట్టాల్సిందే," అన్నాడు మెరుపు, కిందికి దూరి చూసి. "కమాను దించెయ్యక్కా. దించితే అరగంట పని నాది."

దించి మళ్ళీ ఎక్కించడానికి రోజున్నర. డాక్టరు రేపు పొద్దున్నే కారు కావాలన్నాడు. ఊళ్ళో మూడు రోజులు నడిపి చూసుకుని కొండకు బయల్దేరాలి. తరవాత వానలు మొదలైతే ఆ రోడ్డు మూసేస్తారు. కమానక్క కారు చుట్టూ రెండుసార్లు తిరిగింది. కారు ముందు సగం గీతకు అటు ఉంది, వెనక సగం ఇటు. ఇన్నేళ్ళలో గీత మీద నిలబడిన బండి అదొక్కటే.

"దించను," అంది చివరికి. "తడి గోనెలు కప్పుతాను. రవ్వ పడదు. కానీ ఎర్తు క్లిప్పు నేనే పెడతాను. నువ్వు రాడ్డు తప్ప ఇంకేదీ పట్టుకోవద్దు."

"నేను పెడితే చాసీకి పెడతానక్కా. కాస్త గీకి..."

"నువ్వు గీకడం, చెయ్యి జారడం, అది పోయి నా పట్టీకి తగలడం! నాకు తెలుసులేరా నీ సంగతి. మాస్కు పెట్టుకో."

చాసీకి రెండు పూతల నల్లరంగు వేసి ఉంది. గీకితే పాడవుతుంది. పైగా అక్కడ క్లిప్పు పెట్టాలంటే దాని వైరు కమాను మీదుగా పోవాలి. ఇరుసు మాత్రం ఒట్టి ఇనుము, చేతికి అందుబాటులో ఉంది, కమాను పట్టీలకు జానెడు ఎడం. కమానక్క వెల్డింగు మిషను రెండో వైరు కొసనున్న ఆ క్లిప్పు తెచ్చి ఇరుసుకు పెట్టింది. పట్టీలకు ఎక్కడా తగలడం లేదని వంగి మరీ చూసుకుంది. అప్పటికే మాస్కు దించుకున్న తమ్ముడికి ఆమె ఎక్కడ పెట్టిందీ కనబడలేదు. చూడొద్దని చెప్పింది కూడా ఆమే.

రాడ్డు అంటుకుంది. షెడ్డంతా నీలంగా మెరిసింది. ముఖం పక్కకు తిప్పుకుని గోనెల మీద చెయ్యేసి కూర్చున్న కమానక్కకు, గోనెల లోపల నుంచి చిటచిటమని సన్నటి చప్పుడు వినిపించింది. తడి గోనె వేడికి ఉడుకుతోందనుకుంది. గ్రీజు కాలిన వాసన కూడా వచ్చింది. వెల్డింగు దగ్గర ఏ వాసన రాదు? అనుకుంది.

మరునాడు డాక్టరు కారు తీసుకెళ్ళాడు. వీధి చివర గతుకు మీద ఆ కారు కుదుపు లేకుండా, నీళ్ళ మీద పోతున్నట్టు దాటింది. మెకానిక్కులు ఈల వేశారు. కమానక్కకు మాత్రం ఎందుకో అన్నం సయించలేదు. తరవాత మూడు రోజులూ పనిలో చేయి ఆగిపోయేది. ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు వెనక్కి తిరిగి చూసేది. "వేడి చేసిందేమో, మజ్జిగ తాగు," అన్నాడు మొగుడు గుమ్మంలో నిలబడి.

నాలుగో రోజు పొద్దున ఎనిమిది గంటలప్పుడు, ఇనుప గేటు ఒకటి బాగుచేయించుకోవడానికి ఒకాయన వచ్చాడు. షాక్ కొడుతుందేమోనని భయపడుతూ దూరదూరంగా జరుగుతున్నాడు.

"భయపడకండి బాబాయ్," అంటున్నాడు మెరుపు. "కరెంటుకి మీతో పనేం లేదు. రాడ్డులోంచి వస్తుంది, ఎర్తు క్లిప్పు ఎక్కడుంటే అక్కడికి పోతుంది. అంతే దాని బతుకు. మధ్యలో ఏ ఇనుముంటే దాంట్లోంచే నడుస్తుంది."

గీతకు ఇటు కమానక్క చేతిలో సుత్తి పైకి లేచి అక్కడే ఆగిపోయింది.

సుద్ద తీసుకుని నేల మీద ఒక అడ్డగీత గీసింది. చాసీ. దాని కింద ఒక సున్నా చుట్టింది. ఇరుసు. రాడ్డు పైన, క్లిప్పు కింద. పై నుంచి కిందికి రావడానికి ఆ రెంటినీ కలిపే ఇనుము ఏముంది? సుద్ద పట్టిన చెయ్యి దానంతటదే, ఆ రెంటి మధ్య విల్లులాంటి వంపు ఒకటి గీసింది.

క్లిప్పు పట్టీని తగల్లేదు. కానీ కరెంటు మొత్తం పట్టీలోంచే నడిచింది. రబ్బరు బుష్షులున్నా అడ్డుపడేవి. ఇత్తడివి వేసింది తనే. పట్టీకీ పట్టీకీ మధ్య రంగుంది, గ్రీజుంది. ఒట్టి ఇనుము తగిలే చోటు ఉంగరాల దగ్గరే. ఆ ఉంగరాలను బిగుతుగా దిగగొట్టిందీ తనే.

"ఒరేయ్, మిషను ఇటు లాగు."

"ఇటా? గీత దాటా?"

"లాగమన్నానా?"

పాత ఇనుములోంచి రెండు పట్టీలు తీసి, గ్రీజు రాసి పేర్చి, ఉంగరం దిగగొట్టింది. పై పట్టీ కొసకు ఇనుప ముక్క ఒకటి బోల్టుతో బిగించి, క్లిప్పు కింది పట్టీకి పెట్టింది. "ఆ ముక్క మీద నాలుగంగుళాలు పెట్టు," అంది. రాడ్డు అంటుకోగానే ఉంగరం దగ్గర అదే చప్పుడు. చిటచిట. 

ఉంగరం ఊడదీస్తే, పై పట్టీ మీద అది ఆనిన చోట నీలం చుట్టుకున్న నల్ల చుక్క ఒకటుంది. నువ్వుగింజంత. ఆకురాయి పెట్టి రుద్దితే గాజు మీద జారినట్టు జారింది. పట్టీని బల్లకున్న వైసులో బిగించి, కొసకు పైపు తొడిగి కిందికి వంచింది. మంచి పట్టీ అయితే విల్లులా వంగి, వదలగానే లేస్తుంది. అది సగం కూడా వంగలేదు. టక్కుమని సరిగ్గా ఆ చుక్క దగ్గర రెండయింది.

మెరుపు మాస్కు తీసి ఆ ముక్క వైపు చూశాడు. "అక్కా, ఆ రోజు ఎర్తు ఎక్కడ పెట్టావు?"

"ఇరుసుకి."

ఇన్నేళ్ళుగా పడ్డ మాటలన్నీ వడ్డీతో తిప్పికొట్టడానికి అతనికి దొరికిన సమయం అదొక్కటే. అతను అనలేదు. "ఫోను చెయ్యి," అన్నాడు అంతే.

డాక్టరు ఫోను మోగి మోగి ఆగిపోయింది. ఆయన పళ్ళ ఆసుపత్రికి చేస్తే, ఆరింటికే కారులో బయల్దేరారని చెప్పారు. మెరుపు సామాన్ల ఆటో తీశాడు. జాకీ, గొలుసులు వెనక పడేసి ఇద్దరూ ఎక్కారు. రెండు గంటల ప్రయాణం. కొండ మొదట్లో ఎండ ఉంది, నాలుగో మలుపు దగ్గరికి వచ్చేసరికి మబ్బు కమ్మింది. కమానక్క ప్రతి మలుపులోనూ మెడ చాచి లోయలోకే చూసింది. "అటు చూడకక్కా," అన్నాడు తమ్ముడు. తనూ అటే చూస్తున్నాడు.

ఏడో మలుపు దాటాక తిన్నటి రోడ్డు వచ్చింది. దూరంగా, కొండవైపు కాలవలో ముక్కు గుచ్చుకుని నల్ల కారు కనిపించింది. రెండు తలుపులూ తెరిచి ఉన్నాయి. రోడ్డు మీద సీటు మెత్త ఒకటి, ఒంటి చెప్పు ఒకటి.

రాళ్ళు పేర్చే రోడ్డు పనివాడొకడు అక్కడే నిలబడి ఉన్నాడు. "పైన ఆసుపత్రికి తీసుకుపోయారు. ఆయనకి నుదుటి మీద చిన్న దెబ్బే. ముసలావిడ కాలే లేవలేదు. ఆవిడే నడిపిందట, చూడండి చోద్యం! ఆ వయసులో ఎవరైనా చేతికిస్తారా?"

కమానక్క రోడ్డు మీద నడిచింది. కాలవకు ఇరవై అడుగుల ముందు నుంచే టైరు ఈడ్చుకుపోయిన నల్లచార ఒకటి ఉంది, ఎడమ వెనక చక్రానిది. కారు కిందికి దూరింది. ఎడమ కమాను మెయిన్ పట్టీ ముందు ఉంగరం దగ్గర రెండుగా ఉంది. విరిగిన ముఖం మీద, పై అంచున, నువ్వుగింజంత నలుపు. మిగతాదంతా కొత్తగా, వెండిలా మెరుస్తోంది.

ఆమె ఇంకా కారు కింద ఉండగానే ఫోను మోగింది. డాక్టరు. ఆయన గొంతు ఎప్పటి మెత్తదనంతోనే ఉంది. "తుంటి ఎముక విరిగింది. అమ్మకి స్టీరింగు ఇవ్వడం నా బుద్ధితక్కువ. ఎడం పక్కకి ఎందుకు తిప్పిందో ఆవిడకే తెలీడం లేదు. కాలవలో పడ్డ దెబ్బకి మీ కమాను కూడా విరిగినట్టుంది, ఏమీ అనుకోకండి. కారుని మీ షెడ్డుకే తీసుకెళ్ళి ఓ మూల పడేయండి."

"అలాగేనండీ," అంది కమానక్క. చెప్పాల్సిన మాట నాలుక చివరి దాకా వచ్చి అక్కడే నిలబడిపోయింది.

తొమ్మిది రోజులు అది అక్కడే ఉంది.

కారును లాక్కొచ్చి షెడ్డులో పెట్టి టార్పాలిన్ కప్పారు. "ఎవరికీ తెలీదక్కా," అన్నాడు మెరుపు రెండో రోజు, ఆమె ముఖం చూడకుండా. "ముక్కలు మన దగ్గరే ఉన్నాయి. కమాను విరిగి కారు పడిందా, కారు పడి కమాను విరిగిందా, ఎవడు చెప్తాడు? నీ చేతి పని చూసి కళ్ళు మూసుకుని బండ్లు వదిలిపెట్టి పోతారు జనం. అది పోతే ఏం మిగులుతుంది మనకి?"

మొగుడు ఆ రోజు ఎందుకో కూర్చుని మాట్లాడాడు. "ఏమే, బస్సు ఎక్కడ పడ్డా తప్పు డ్రైవరుదే అని రాస్తారు. పద్ధతి అది. అలాంటి కాగితాల మీద నేనూ సంతకాలు పెట్టాను. ఒకసారి బ్రేకులు లేవని నాకు తెలుసు, డిపోకీ తెలుసు. డ్రైవరు ఉద్యోగం పోయింది." తన చేతులకేసి చూసుకుంటూ, "నువ్వు చెప్పకపోతే నేనేమీ అనను. ఆ మాటకొస్తే అనడానికి నాకు నోరు కూడా లేదు," అన్నాడు.

ఆమె కంటి మీద కునుకు లేకుండా పోయింది. ఒళ్ళంతా చెవులై, ఎప్పుడే కబురు వస్తుందోనని కాచుకుని ఉండేది. వచ్చిన కబుర్లన్నీ ముసలావిడ గురించే. ఆపరేషను చేశారు. ఊళ్ళో పెద్దాసుపత్రికి మార్చారు. పిల్లలందరూ కూడబలుక్కుని ఆవిడ ఇంటి తాళాలు తీసుకున్నారు, బ్యాంకు పుస్తకం తీసుకున్నారు, ఇక ఒంటరిగా ఉండనివ్వరట. ఆవిడ కూడా ఎదురు చెప్పలేదట. మందులిచ్చే నర్సుతో మాత్రం, "నా చేతులు నా మాట వినడం లేదమ్మా, ఏదీ నా చేతికివ్వకండి," అంటోందట.

పదో రోజు కమానక్క విరిగిన పట్టీ ముక్కను గుడ్డసంచిలో వేసుకుని ఆసుపత్రికి వెళ్ళింది.

డాక్టరు మంచం అంచున కూర్చుని తల్లికి చెంచాతో జావ పడుతున్నాడు. "నోరు తెరువమ్మా. ఇంకొంచెం. ఆఁ." ఆవిడ తెరుస్తోంది. రెండు చేతులూ దుప్పటి కింద దాచుకుని ఉంది. పది రోజుల్లో మనిషి సగమైంది.

"వచ్చావా అమ్మాయ్," అంది. "అయిదు రోజులు చేసిన నీ పని అంతా అయిదు నిమిషాల్లో పాడుచేశాను."

"పాడుచేసింది మీరు కాదండీ."

సంచిలోంచి ముక్క తీసి దుప్పటి మీద పెట్టింది. ఎర్తు ఎక్కడ పెట్టిందీ, తమ్ముడు చాసీకి పెడతానంటే ఎందుకు వద్దన్నదీ, షెడ్డులో రెండు పట్టీలతో ఏం చేసి చూసిందీ, అన్నీ చెప్పింది. తడుముకోకుండా చెప్పింది, మధ్యలో ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనన్నట్టు. నల్లచుక్క చూపించింది. డాక్టరు చెంచా గిన్నెలో పెట్టి లేచి నిలబడ్డాడు. ఎదుటిమనిషి మాట పూర్తయ్యేదాకా ఆయన ఆగడం ఆమె చూడటం అదే మొదటిసారి.

"అంటే ముందు ఇది విరిగిందా, తర్వాత కారు తిరిగిందా?" అంది ముసలావిడ.

"ముందు ఇదే విరిగిందండీ."

"ఖాయంగా?"

"కాలవకి ఇరవై అడుగుల ముందు నుంచే రోడ్డు మీద టైరు చార ఉంది. ఇరుసు అక్కడే జారింది. ఆ తర్వాత స్టీరింగు ఎవరు పట్టుకున్నా అంతే. మీ చేతుల తప్పేం లేదు."

దుప్పటి కింద నుంచి ఒక చెయ్యి బయటికి వచ్చింది. ఆ చుక్క మీద వేలు పెట్టి, చాలాసేపు అలాగే ఉంచింది.

"ఆ చెంచా ఇలా ఇవ్వరా," అంది కొడుకుతో.

"అమ్మా, ఒలికిపోతుంది..."

"ఒలకనీ."

ఒలికింది. మొదటి చెంచా గడ్డం మీదా దుప్పటి మీదా పడింది. రెండోది నోట్లోకి వెళ్ళింది. గిన్నె ఖాళీ అయ్యేదాకా చెంచా తిరిగి ఇవ్వలేదు. అయ్యాక ఆవిడ కమానక్క వైపు తిరిగింది. ఆ చూపులో కోపం లేదు, జాలీ లేదు.

"దీనికి నీకు పది రోజులు పట్టిందా, అమ్మాయ్?"

కమానక్క ఖాళీ గుడ్డసంచి మడిచి చంకలో పెట్టుకుని బయటికి నడిచింది.

వరండాలో డాక్టరు వెనకే వచ్చాడు. "ఆ ముక్క ఇక్కడే ఉంచండి," అన్నాడు. "పోలీసులకి చెప్పాలా వద్దా ఆలోచించుకుంటాను. మీరిక వెళ్ళండి." రెండు వారాల తరవాత స్టేషను నుంచి పిలుపు వచ్చింది. మెరుపు తనే ఎర్తు పెట్టానని చెబుతానన్నాడు. ఆమె ఒంటికాలి మీద లేచింది. జరిగింది జరిగినట్టు రాయించి, తన పేరు కింద సంతకం పెట్టింది. ఆ కాగితం ఏ బల్ల కింద పడి ఉందో, మళ్ళీ ఎప్పుడు పైకి వస్తుందో ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు. స్టేషను జీపు వీధిలోకి తిరిగితే మెకానిక్కులు మాటలు ఆపి ఆమె షెడ్డు వైపు చూస్తారు.

ముసలావిడ మళ్ళీ నడవలేదు. తాళాలు మాత్రం తిరిగి అడిగి తీసుకుంది. చక్రాల కుర్చీలో పద్నాలుగు నెలలు తన ఇంట్లోనే ఉండి, తన టీ తనే కాచుకుని, ఒక ఉదయం పోయింది. కమానక్క చూడటానికి రెండుసార్లు వెళ్ళింది. రెండుసార్లూ గేటు దగ్గరే డాక్టరు వద్దన్నాడు. పాత కార్లవాళ్ళందరూ ఒకరికొకరు తెలిసినవాళ్ళే. ఏడాది తిరక్కుండా వాళ్ళ కార్లు ఆ వీధికి రావడం మానేశాయి.

కమానక్కకు ఇప్పుడు యాభై ఏడేళ్ళు. రాళ్ళ క్వారీ లారీలకు కమాన్లు చేస్తుంది, వారానికి మూడు కట్టలు.